అరతొక్కుడు దయ్యం

తొంభైలు ముగిసే ఆ కాలంలో, దయ్యాలు లేవని చెప్పడానికి నాకు మైకు కూడా అక్కర్లేదు. (గొంతు అంతటిది. వినేవాళ్ల ఓపిక సంగతి నేనెన్నడూ అడగలేదు.) అలాంటి నన్ను బీడీలు చుట్టే తునికాకు కొనే కాంట్రాక్టరైన చిన్నాన్న టేకులపల్లి అవతలి గూడేనికి తన పెట్రోలు కారులో తీసుకెళ్లాడు. గూడెం ముందున్న ఎత్తు మీద ఒంటరి అవ్వ గుడిసె ఉంది. అక్కడికి రాగానే కారు వణుకుతోందట. అవ్వ చేతబడి చేసిందని, ఇక ఆకు కొనేవాడు రాడని భయపడి, ఆ రోజే ఆమెను వెళ్లగొట్టాలని గూడెం నిశ్చయించింది.

మిట్టమధ్యాహ్నం. ఆకు రాల్చిన టేకుల మధ్య గాలి లేదు, పిట్ట లేదు. గుడిసె కనిపించగానే ఇంజను ఊపిరి బిగబట్టి, మనిషిలా మూలిగింది. యాక్సిలరేటర్ మీద చిన్నాన్న పాదం కదల్లేదు. కారు మాత్రం ఉరికింది, ఆగింది, మళ్లీ ఉరికింది. గుమ్మంలోంచి అవ్వ రెప్పవేయకుండా చూస్తోంది.

"ఇప్పుడు చెప్పురా, నీ సైన్సు ఏమంటది?" అన్నాడు చిన్నాన్న.

నా సైన్సుకు చెమటలు పట్టాయి. అయినా పాదం కదల్లేదన్న సంగతి మనసులో గుచ్చుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజనులోకి గాలి వదిలే రేకు తెరుచుకుంటుంది. అదెంత తెరుచుకుందో కారులోని కంప్యూటరుకు చెప్పేది అగ్గిపెట్టెంత సెన్సార్. దానిలో ఒక పట్టీ, పట్టీ మీద జారే ముల్లు ఉంటాయి. పట్టీ ఒకచోట అరిగితే ముల్లు అక్కడికి రాగానే కబురు తెగుతుంది, పెట్రోలు లెక్క తప్పుతుంది. ఆ ఎత్తు ఎక్కడానికి సరిగ్గా సగం తొక్కాలి. అరిగింది ఆ సగం దగ్గరే!

గూడెం నడుమ చదునులో కారు ఆపి, అందరి ముందూ చిన్నాన్న చేత యాక్సిలరేటర్ సగం తొక్కించాను. కారు మూలిగింది.

"వామ్మో, గుడిసె కాడి దయ్యం గీడికొచ్చింది!" అని జనం వెనక్కి దూకారు.

సెన్సార్ ఊడదీసి మళ్లీ తొక్కించాను. ఇంజను ఊపు తగ్గింది గాని మూలుగు పోయింది. పట్టీ, ముల్లు, కంప్యూటరు అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాను.

గూడెం పెద్ద చెయ్యెత్తి ఆపాడు. "సమజైంది సారూ. అవ్వ తప్పేం లేదు. దయ్యం గీ డబ్బల ఉండె, నువ్వు పీకినవ్."

"అది దయ్యం కాదయ్యా!"

"అవ్, ఇప్పుడు కాదు. పీకినవ్ గదా!"

ఇంతలో అవ్వ వచ్చి చెయ్యి చాపింది. "గది నాకియ్యి బిడ్డా. గుమ్మానికి కట్టుకుంట. మల్ల ఎవడన్న నన్ను ఎళ్లగొట్టనీకె వస్తే, మూలుగుతదని చెప్త."

జీవితమంతా తాయెత్తులు తెంపించినవాణ్ని, నా చేత్తో ఒక తాయెత్తు ఇచ్చి వచ్చాను. ఆమె బతికినన్నాళ్లూ ఆ గుమ్మం తొక్కే ధైర్యం ఎవరూ చేయలేదట. దయ్యాలు లేవని ఇప్పటికీ అదే గొంతుతో చెబుతాను. ఆ ఎత్తు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, కారు ఏదైనా సరే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేస్తాను.