లైసెన్సుకు వేసిన దండ

మా ద్వీపంలోని హాడో పేటలో మా పాత ఇంటర్నెట్ ఆఫీసు ఎందుకు మూతపడిందని అడిగితే ఈరోజుకీ ఒకటే మాట వినిపిస్తుంది: "చేపలు పట్టే ఇంటివాడికి కంపెనీ ఎందుకు? లైసెన్సు గడువు చూసుకోవడం కూడా రాదు." ఆ మాట మా యజమాని నూకరాజు మీద. ఇన్నేళ్ళూ ఆయన దాన్ని కాదనలేదు. కాదనాల్సినవాణ్ణి నేను. కంపెనీలను కొందరు అప్పులతో ముంచుతారు, కొందరు మోసంతో ముంచుతారు. నేను రెండు ఇంగ్లీషు మాటలతో, ఒక గంధపుచెక్క దండతో ముంచాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నవ్వేది మాత్రం నన్ను చూసి నవ్వండి.

నూకరాజు తాత శ్రీకాకుళం తీరం నుంచి వలతో ఈ ద్వీపాలకి వచ్చాడు. తండ్రి పడవ నడిపాడు. నూకరాజు కేబుల్ వైర్లు లాగి, తర్వాత ద్వీపాల్లో ఇంటర్నెట్ ఇచ్చే లైసెన్సు సంపాదించాడు. హాడో క్వార్టర్లకూ వండూర్ లాడ్జీలకూ లైన్లు ఇచ్చాం. ఆయన కల ఉత్తరాన ఇంకో ద్వీపంలో ఉన్న రంగత్. అక్కడిదాకా లైను వెయ్యాలంటే తోడు కావాలి. మెయిన్‌ల్యాండ్ కంపెనీ ఒకటి భాగస్వామిగా వస్తానంది, కానీ లెక్కలన్నీ తమ పద్ధతిలో రాసి చూపించమంది.

ఆ లెక్కలు రాసే మేధావిని నేనే. ఆ పద్ధతి నేర్చుకోడానికి చెన్నై వెళ్ళి ఒక చిన్న క్లాసులో కూర్చొచ్చాను. ఓడ ఎక్కినప్పుడు గుమస్తాని, దిగినప్పుడు మహాపండితుణ్ణి. దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ కూడా పాఠం వల్లించాను.

"భయ్యా, కుర్చీకి ఏటేటా విలువ తగ్గిస్తాం కదా. లైసెన్సుకి అలా తగ్గించక్కర్లేదు," అన్నాను వచ్చీ రాగానే. "దీనిది ఇండెఫినిట్ లైఫ్."

"అంటే ఏటి?"

"ఆయుష్షుకి హద్దు లేదు. ఏటా ఒక పరీక్ష పెడితే చాలు. ఇంపెయిర్‌మెంట్ టెస్టు."

"మరి గడువుంటది కదా ప్రసాదూ. రెన్యువల్ సంగతి ఓసారి సూడు. తర్వాత లఫ్డా అయిపోద్ది."

ఇక్కడ ఆగి నా మొహం ఊహించుకోండి. తాతకి నడక నేర్పుతున్న మనవడిలా చిరునవ్వు నవ్వాను. "భయ్యా, హద్దు లేదన్నాక గడువేమిటి? ఈ లైసెన్సు చిరంజీవి."

"ఠీక్ హై. సదువుకున్నోడివి, నీకే తెలుస్తాది," అన్నాడాయన.

అసలు సంగతి ఏమిటంటే, గడువు తీరినప్పుడల్లా తేలిగ్గా రెన్యువల్ అవుతుందన్న నమ్మకం ఉంటేనే ఆ మాట రాయాలి. ముగింపు కనపడటం లేదని దాని అర్థం, ముగింపు లేదని కాదు. క్లాసులో ఈ ముక్క చెప్పే ఉంటారు. ఆ సమయంలో నేను టీ వరసలో ఉండి ఉంటాను. ఇంతకీ రెన్యువల్ చేయించాల్సింది ఎవరు? నేనే.

చిరంజీవికి తగిన మర్యాద ఉండాలని లైసెన్సు కాగితానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. అది చాలక బజారుకెళ్ళి గంధపుచెక్క దండ తెచ్చి వేశాను. దండ కింది భాగం సరిగ్గా కాగితం ఆఖరి గీత మీద వాలింది. గడువు తేదీ ఆ గీతలోనే ఉంది.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన నూకరాజు తల్లి గోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏట్రా నూకా, ఎవులు పోనారు?"

"ఎవులూ పోలేదమ్మా. అది లైసెన్సు."

"చిరంజీవి అమ్మా అది. చావు లేదు," అన్నాను నేను.

"సావు లేనోడికి దండెందుకేసినారు బాబూ?"

పెద్దావిడ అమాయకత్వానికి జాలిపడ్డాను. నా జాలి తగలెయ్య.

తర్వాత పరీక్ష మొదలుపెట్టాను. ఈ లైసెన్సు ముందు ముందు ఎంత రాబడి తెస్తుందో అంచనా కట్టాలి. అది పుస్తకంలో రాసుకున్న విలువకి తక్కువైతే నష్టం ఒప్పుకోవాలి. నేను కట్టిన అంచనాలో రంగత్‌లో ఇంకా పుట్టని పిల్లలు క్రికెట్ చూస్తున్నారు, వండూర్ బీచ్ నుంచి టూరిస్టుల మనవలు ఫొటోలు పంపుతున్నారు. గ్రాఫు కొబ్బరిచెట్టులా పైకి పోయింది. ఎండుచేపని పట్టుకుని, ఇది ఎంత వేగంగా ఈదుతుందని లెక్కలు వేస్తున్నానని నాకు తెలీదు.

మెయిన్‌ల్యాండ్ కంపెనీ తరఫున విశాఖ నుంచి రమణి అనే ఆడిటరు వచ్చింది. నా నివేదిక ఓపిగ్గా చివరిదాకా చదివింది.

"చాలా కష్టపడ్డారు. ఇంత రాబడి దేని మీద ఆధారపడింది?"

"లైసెన్సు మీద మేడమ్."

"లైసెన్సు దేని మీద?"

"గోడ మీద," అన్నాను గర్వంగా.

ఆవిడ లేచి వెళ్ళింది. పెన్ను కొసతో దండ పైకెత్తి ఆఖరి గీత చదివింది. మళ్ళీ చదివింది.

"ప్రసాద్ గారూ, ఇది కిందటి నెలే అయిపోయింది. రెన్యువల్‌కి పెట్టారా?"

నూకరాజు నా వైపు చూశాడు. "పెట్టినావు కదా?"

"భయ్యా, ఓడలు ఆలస్యంగా..."

"ఓడెందుకురా? అది ఆన్‌లైన్‌లో కదా పెట్టేది. మనం అమ్మేదే అది."

రమణి నివేదిక మూసి బల్ల మీద పెట్టింది. "మీరు పోయినవాడికి జాతకం రాశారు," అంది.

సరిగ్గా అప్పుడే క్యారియర్‌తో పెద్దావిడ వచ్చింది. దండ కింద ముగ్గురం తలలు వంచుకుని నిలబడి ఉన్నాం.

"ఇప్పుడైనా సెప్పండి. ఎవులు పోనారు?"

"లైసెన్సే పోనాదమ్మా," అన్నాడు నూకరాజు.

భాగస్వాములు మళ్ళీ కనపడలేదు. గడువు దాటిన లైసెన్సుకి రెన్యువల్ లేదన్నారు, లైన్లు ఆపేశాం. రంగత్‌కి ఇంకెవరో వెళ్ళారు. నూకరాజు ఇప్పుడు వేరే కంపెనీ కౌంటర్లో కూర్చుని, ఒకప్పుడు తను ఇచ్చిన లైన్లే కమీషన్‌కి అమ్ముతున్నాడు. ఎవరడిగినా "నానే సూసుకోలేదు" అనేవాడు. నా పేరు చెబితే ఈ ఊళ్ళో నాకు ఉద్యోగం దొరకదని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. అందుకే నోరు మూసుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను. ఈ కథలో నవ్వు రానిది ఈ ఒక్క ముక్కే.

ఇది రాస్తున్నానని మొన్న ఆయనకి చెప్పాను. "రాస్తే రాయి. తారీఖులు సూసి ఎయ్యి, బస్," అన్నాడు.

కాబట్టి సముద్రం సాక్షిగా శపథం చేస్తున్నాను. కాగితం అయితే ఆఖరి గీత చదవకుండా, మనిషి అయితే రుజువు లేకుండా, ఇక ఈ జన్మలో ఎవరినీ చిరంజీవి అనను. మేనల్లుడి పెళ్ళికార్డు సరిచూడమంటే వాడి పేరు ముందున్న "చి." కొట్టేశాను. అక్క కార్డు లాక్కుంది.

"అపశకునం మనిషివిరా నువ్వు. బీరువాలో ఆ దండ కూడా ఇంకా ఎందుకు దాచినావు?"

"నాకేనక్కా. నా గడువు ఏ కాగితం మీదా లేదు. ఇండెఫినిట్ లైఫ్."

ఇన్నేళ్ళకి ఆ మాట సరిగ్గా వాడాను.