రీలు తిరగని పెళ్లి

మా వీధి మొదట్లో సాయంత్రం పూట నూడిల్స్ బండి పెట్టే అబ్బాయి వెనిగర్ సీసా మూత తీశాడంటే చాలు, ఖమ్మంలో బాల్కనీలో నిలబడ్డ నాకు మణుగూరులోని మా పాత వంటిల్లు కళ్ళముందుకు వస్తుంది. వంటిల్లంటే పులుసో తాలింపో గుర్తుకు రావాలి గానీ ఇదేం వాసనని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. పగలు పప్పు ఉడికిన ఆ గదే దీపాలు పెట్టే వేళకు ఫోటోలు కడిగే గది అయ్యేదని వాళ్ళకేం తెలుసు?

నాయన పెళ్లిళ్ళ ఫోటోగ్రాఫరు. బోర్డు మీద పేరు ఆయనది, సగం పని అమ్మది; ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను, ఎవరు కాదన్నా ఒప్పుకోను. అమ్మ కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టి, ఎర్ర బల్బు వేసి, మూడు తట్టల్లో మూడు రకాల మందునీళ్ళు పోసేది. నడిమి తట్టలోది ఈ పుల్లటి వాసన. తెల్లకాగితం మీద ముందు కళ్ళు, తర్వాత బాసికం, ఆ తర్వాత మీసం మెల్లగా తేలుతుంటే నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. తడి ఫోటోలను తీగకు క్లిప్పులు పెట్టి ఆరేస్తే, ఊరూరి పెళ్లికొడుకులూ పెళ్లికూతుళ్ళూ మా పొయ్యి పక్కన వేలాడేవారు. మిరపకాయలు వేయిస్తే వాళ్ళు కూడా తుమ్ముతారేమో అనిపించేది.

భద్రాచలంలో రాములవారి పెళ్లి అయ్యేదాకా మా వైపు మనుషులు తమ పెళ్లిళ్ళకు తొందరపడరు. నవమి దాటిందంటే నాయనకు కాలు ఒకచోట నిలిచేది కాదు. బడికి సెలవులిచ్చాక నన్నూ లూనా వెనక కూచోబెట్టుకునేవాడు. అడవిలో ఇప్పపువ్వు ఆఖరు రాలుడు, బీడీల కోసం తునికాకు కోత మొదలు, రోడ్డు పక్కన చింతపండు కొట్టి గింజ తీస్తున్న ఆడవాళ్ళు, దారంతా తీపీ పులుపూ కలిసిన గాలి. బస్తీ పెళ్లిళ్ళలో పులిహోర, లడ్డూ. గూడేల్లో సొరకాయ బుర్రలోంచి పోసే చల్లటి నీళ్ళు, విస్తరాకులో వేడన్నం, కోడికూర. నాకో అగ్గిపెట్టె కెమెరా ఉండేది. దానికి చిల్లు పొడిచి, దారం కట్టి మెడలో వేసుకుని, నాయన ఎక్కడ వంగితే అక్కడ వంగి "నవ్వుండ్రి" అనేదాన్ని. నాయన అంటే బిగుసుకుపోయే మనుషులు నేనంటే పకపకా నవ్వేవారు.

అట్లాంటి ఒక ఎండాకాలంలో పినపాక అవతల అడవంచున ఉన్న ఒక కోయగూడెం నుంచి పిలుపు వచ్చింది. ఆ గూడెంలో పెళ్లికి ఫోటోగ్రాఫరును పిలవడం అదే మొదలు. పెళ్లికూతురు సమ్మక్క, పెళ్లికొడుకు ముత్తయ్య. నేరేడు కొమ్మల పందిరి కింద ఇద్దరినీ పక్కపక్కన కూచోబెట్టి, తలకు తల ఆనించి, ఒకే కుండతో ఇద్దరి మీదా నీళ్ళు పోశారు. అక్కడ అదే అసలు పెళ్లి. మిగతాదంతా డోళ్ళు, ఆట, తిండి. నాయన పొద్దుటినుంచి ఆ నీళ్ళ కోసమే కాచుకుని, సరిగ్గా ధార తలల మీద పడే క్షణాన ఫ్లాష్ కొట్టాడు. తిరుగుదారంతా ఆ ఒక్క ఫోటో గురించే మురిశాడు.

రీలు కడిగితే ఏమీ లేదు. అమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టింది. ఆ కొననుంచి ఈ కొనదాకా గాజులా ఖాళీ. కెమెరాలో ఎక్కించేటప్పుడు రీలు కొన లోపలి చక్రానికి పట్టుకోలేదు. పైన నంబరు తిరుగుతూనే ఉంది, లోపల రీలు కదల్లేదు. చెయ్యి తిరిగిన ఫోటోగ్రాఫరు కూడా హడావుడిలో చేసే తప్పే. కాకపోతే ఆ చుట్టుపక్కల గూడేలన్నీ ఒకరికొకరు చుట్టాలు. ఒకచోట పేరు పోతే ఇంకెక్కడా పిలవరు.

"లాబ్‌ల కరాబైందని చెప్త," అన్నాడు నాయన.

"లాబ్ అంటే నేనే గదా," అంది అమ్మ. "నా మీద పెట్టకు. పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"కొడ్తరు."

"పిల్లను తీస్కపో. పిల్ల ముందట కొట్టరు."

నన్ను వెంట పంపడానికి కారణం అదీ. మా అమ్మ తెలివిని నేను ఎన్నడూ తక్కువ చేయను గానీ, కొట్టదలచినవాళ్ళు పిల్లను చూసి ఆగుతారని ఆమెకెవరు హామీ ఇచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు.

మళ్ళీ తీస్తే సరిపోతుందని నాయన రెండు పూలదండలు కూడా పట్టుకున్నాడు. మేం వెళ్ళేసరికి పందిరి ఆకులు ఎండి గలగలమంటున్నాయి. ఇంటిముందు నీడలో సమ్మక్క తునికాకు కట్టలు కడుతోంది, పక్కన ముత్తయ్య నార బిగించడం రాక తంటాలు పడుతున్నాడు. నాయన నిలబడే జరిగింది చెప్పాడు. చెప్పి దండలు చూపించి, ఫోటో కోసం ఇంకొక్క కుండ నీళ్ళు పోస్తే చాలన్నాడు.

సమ్మక్క నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "మళ్ళ నీళ్ళు పోసుడు పీనుగకే. ఎవర్ని సంపుతవ్, పిల్లనా, పిలగాన్నా?"

నాయన దండలు వెనక్కి పెట్టుకున్నాడు. పక్క ఇళ్ళ మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి దగ్గరికి వస్తున్నారు. నేను నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు సమ్మక్క, చేతిలో కట్ట దించకుండానే, తల ఎత్తింది.

"ఆనాడు పడకపోతే గిప్పుడు తియ్యి. గిప్పుడు మేం లేమా?"

"గిట్లనా? ఆకుల్లనా?" అన్నాడు నాయన.

"ఆకుల్ల కాకుంటే పట్టె మంచం మీదనా?"

ముందు నవ్వింది ఆ ముసలమ్మే. ఆమె నవ్వాక మగవాళ్ళు ఆగిపోయారు. నాయన మోకాళ్ళ మీద కూచుని, ఈసారి రీలు కొన చక్రానికి పట్టిందో లేదో చూసుకున్నాకే కెమెరా మూత వేసి, ఫోటో తీశాడు. కడిగి ఇచ్చిన రోజు ముసలమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది పెండ్లి గాదు, కాపురం," అంది. అనడం అన్నది గానీ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. గూడేల నుంచి పిలుపులు ఆగలేదు.

నాయనకు మాత్రం ఆ రోజునుంచి ఒక పిచ్చి పట్టింది. తాను పెళ్లి తీసిన జంటల ఇళ్ళకు, ఆ వైపు వెళ్ళినప్పుడల్లా, ముహూర్తాలు లేని వానాకాలంలో అయితే పనిగట్టుకుని వెళ్ళి, ఏ పనిలో ఉంటే ఆ పనిలో ఫోటో తీసేవాడు. గనికి పోయే మొగుడి టిఫిన్ డబ్బా మూత మోకాలితో నొక్కుతున్న ఆమె, మిరపకల్లంలో ఎండకు ఒకే గొడుగు కింద నిద్రపోతున్న ఇద్దరు, అలిగి చెరో గడప మీద కూచున్న జంట. ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. "ఆట అయిపోయినంక టికెట్లు అమ్ముతవా?" అని అమ్మ దెప్పేది. దెప్పుతూనే, పెళ్లి ఫోటోలకంటే వీటినే ఎక్కువసేపు కడిగేది.

ఇప్పుడు వరస తిరగబడింది. మొన్న మా ఆడపడుచు కూతురికి, పెళ్లి ఇంకా నెల ఉండగానే, పర్ణశాల రేవులో రంగుల పొగ వదిలి, పైన డ్రోన్ తిప్పి, ఒకరి కళ్ళలోకి ఒకరిని చూడమని ఫోటోలు తీశారు. ఇంకా నిండా మాట్లాడుకోనివాళ్ళు చూపుల్లో ఏం వెతుక్కుంటారు? పెళ్లయ్యాక మళ్ళీ ఎప్పుడు వస్తావని ఆ ఫోటోగ్రాఫరును అడిగాను. "ఆల్బమ్ ఇచ్చినంక మాకేం పని ఆంటీ?" అన్నాడు. నిజమే, ఏం పని.

నాయన లేడు, అమ్మ లేదు. నెగెటివ్‌లన్నీ గోదావరి నీళ్ళు ఇంట్లోకి వచ్చిన ఏడు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పోయిన ఎండాకాలం సమ్మక్క వాళ్ళ గూడేనికి వెళ్ళాను. తారురోడ్డు పడింది, పందిళ్ళకు కొమ్మలిచ్చిన నేరేళ్ళు లేవు, పెళ్లిళ్ళకు షామియానాలు కిరాయికి వస్తున్నాయి. ముత్తయ్య చనిపోయి ఏడాది అయిందట. ఆకుల్లో తీసిన ఆ ఫోటోను ఏనాడో చెదలు తిన్నాయి. ఆధార్ కార్డులోని ముసలి మొహం తప్ప ఆయనది ఇంకేదీ మిగల్లేదు.

కొత్తగూడెంలో డిగ్రీ చదివే సమ్మక్క మనవరాలు మా పక్కన కూచుంది. "తాత అప్పట్ల ఎట్లుండె?" అని అడిగింది.

"గీమెను అడుగు," అంది సమ్మక్క. "ఆ దినం ఈడనే ఉన్నది. నేను ఆకు చూసుకుంటి, పిలగాన్ని ఎక్కడ చూసిన."

చెప్పాను. సన్నగా ఉండేవాడని, చెవులు పెద్దవని, నార బిగించేటప్పుడు నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకున్నాడని, కట్ట జారిపోతే ఎవరన్నా చూశారేమోనని ముందు భార్య వంకే చూశాడని, నాయన ఎంత పిలిచినా కెమెరా వైపు తిరగలేదని. పక్కన మీ అవ్వ ఆకుపచ్చ చీరలో ఉందన్నాను.

"ఎర్రది," అంది సమ్మక్క.

"ఆకుపచ్చది."

"కట్టుకున్నది నేనా, నువ్వా?"

"చూసింది నేను," అన్నాను. ఫోటో ఉన్నా ఈ తగువు తీరేది కాదు. అది నలుపు తెలుపుల ఫోటో.

పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "మరి తాత అంగిది ఏం రంగు?" అంది.

ఆ ఒక్క మాటా ఇద్దరం ఒకేసారి చెప్పాం. అంగి లేదు.