ఊరికే వచ్చే మనిషి

మా మరిది తాళాలు బాగుచేసేవాడు. అతని చేతిలో పడితే మొండికేసిన తాళం కూడా మాట వినేది. భార్య పోయాక మా ఎదురింటి గదిలో ఒక్కడే మిగిలాడు. ఆపైన పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి.

అప్పటి నుంచి పొద్దున్నే ఒకమ్మాయి వచ్చేది. స్నానం చేయించి, గడ్డం గీసి, వండిపెట్టి వెళ్ళేది. జీతం ప్రభుత్వమిచ్చేది. అందుకని ఆమెకు ‘సర్కారు’ అని పేరు పెట్టాడు.

“సర్కారుకి ఇవాళ ఆలస్యమైంది.”

“సర్కారంటే అంతే కదా బాబాయ్. తల వంచు, సబ్బు కళ్ళలో పడుద్ది.”

“సబ్బు కూడా సర్కారుదేనా?”

“నీదే. అందుకే ఇంత కంపు.”

మా కిటికీలోంచి వినేదాన్ని. ఆ గదిలో రోజు మొత్తానికి మనిషి గొంతు వినపడేది ఆ కాసేపే. ఆమె వెళ్ళాక రేడియోకి బదులు చెప్పుకుంటూ కూర్చునేవాడు.

ఎన్నికలొచ్చాయి. ఊరికే తినేవాళ్ళను మేపడం ఆపేస్తానంటూ ఒకాయన వీధివీధీ తిరిగాడు. ఆయన మరిది గుమ్మంలోనూ ఆగి, గోడకు వేలాడే, తాళంచెవులు అరగదీసే ఆకురాళ్ళను చూశాడు. “మీలాంటి కష్టజీవుల సొమ్మే కదండీ వాళ్ళు తినేది” అంటూ ఆ పడిపోయిన చేతినే పట్టుకుని ఊపాడు. ఆ సాయంత్రం మరిది ఎడమచేత్తోనే ఆకురాళ్ళన్నిటికీ నూనె రాశాడు.

“ఏమయ్యా, ఆయన గెలిస్తే ముందు పోయేది నీ సర్కారే” అన్నాను.

“నేను ఊరికే తింటున్నానా వదినా? చెయ్యి పడేదాకా పని చేశాను. ఆయన చెప్పేది వెనక వాటావాడి గురించి. అన్నీ బాగుండి మంచం దిగడు.”

“వాడూ ఆయనకే వేస్తాడట. ఆయన చెప్పేది నీ గురించనుకుంటున్నాడు.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“అందరూ నా చెయ్యి చూస్తారు వదినా. ఆయన నా పనిముట్లు చూశాడు.”

 

ఓటుకి చక్రాల కుర్చీలో తోసుకెళ్ళింది ఆ అమ్మాయే. ఎవరికేశాడో అడక్కుండానే చెప్పేశాడట. తిరిగొచ్చేటప్పుడు ఆమె కుర్చీని గబగబా తోసుకొచ్చి, గదిలో దింపి వెంటనే వెళ్ళిపోయింది.

ఆయన గెలిచాడు. కొన్నాళ్ళకే ఇంటికి మనిషిని పంపడం ఆపేశారు. ఆఖరిరోజు ఆమె తీరిగ్గా గడ్డం గీసి, తన దగ్గరున్న తాళంచెవి బల్లమీద పెట్టింది.

“వేరే పని చూసుకోవాలి బాబాయ్.”

“చూసుకో. వీలున్నప్పుడు వస్తుండు.”

“చూస్తాలే.”

రాలేదు. ఆమెకూ ఇల్లుంది, పిల్లలున్నారు. మరిది మాత్రం తలుపుకి తాళం వెయ్యడం మానేశాడు. బతుకంతా జనం తలుపులకు తాళాలు బిగించిన మనిషి.

“దొంగలు పడతారయ్యా” అంటే, “పిల్ల దగ్గర తాళంచెవి లేదు కదా. జీతం కోసమే వచ్చేదనుకున్నావా? వస్తుందిలే, ఊరికే అయినా” అన్నాడు.

నిన్న పొద్దున అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళాను. తలుపు చప్పుడికి మాసిన గడ్డంతో ఇటు తిరిగాడు.

“సర్కారు వచ్చిందా?”

“నేనయ్యా.”



“ఏం పనిమీద వచ్చావు వదినా?”

“ఊరికే” అన్నాను.

మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేనున్నంతసేపూ గిన్నె ముట్టలేదు. వస్తూ తలుపు దగ్గరికి వెయ్యబోయాను.

“తీసే ఉంచు” అన్నాడు.