చిలకలగూడ కాంప్లెక్స్ కింద బావి

మా గల్లీ చివర ఐదంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ తెరవకముందే కూలిపోయింది. ఆదివారం కాబట్టి లోపల ఎవరూ లేరు. మర్నాటి నుంచి చాయ్ హోటల్లో అందరూ ఇంజనీర్లే. పిల్లర్లలో ఇనుము తక్కువని పేపర్లో వచ్చిన మాటను ఒక్కరూ ఖాతరు చేయలేదు. నేనూ చేయలేదు.

నా వాదన బావి. నేను బడి మొహం చూడలేదు, చదివిందంతా ఫుట్‌పాత్ పుస్తకాలే. అయినా చిలకలగూడ సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా? ఆ జాగాలో మోటబావి ఉండేది. నేను ఈత నేర్చింది అందులోనే. తర్వాత దాన్ని రైలింజన్ల బూడిద పోసి పూడ్చారు. బూడిద మీద ఐదంతస్తులు నిలుస్తాయా?

బట్టల కొట్టు పెద్దమనిషిది గుప్తనిధి వాదన. ఆయనది గుంటూరు వైపు. నా భార్య పోయాక నాతో రోజూ మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. వన్ బై టూ చెప్పి ఒకే చాయ్ ఇద్దరం పంచుకునేవాళ్ళం.

"సెల్లారులో ముగ్గు, నిమ్మకాయలు కనిపించాయట బావగారూ. నిధి కోసం పునాది కింద తవ్వేశారు," అన్నాడు.

"నిమ్మకాయలకు బిల్డింగ్ పడుతదా? నీ దుకాణానికి సుత కడ్తవ్ గద, అదెందుకు పడలే?"

హోటలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "మీ బావిని ఇంకెవరైనా చూశారా? సాక్షి ఉన్నాడా?"

చూసినవాళ్ళంతా పోయారు. ఆ మాట నోటితో ఒప్పుకోలేక ఒళ్ళు మండింది.

"నిన్నమొన్న బతకనీకి వచ్చినోనివి. ఈ జాగల ఏముండెనో నీకేం ఎరుక?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "నలభై ఏళ్ళయిందండీ. మా ఆవిణ్ణి ఈ ఊళ్ళోనే దహనం చేశాను," అని లేచి వెళ్ళాడు.

మళ్ళీ రాలేదు. నేను రోజూ పొద్దున్నే పోయి శిథిలాల దగ్గర నిలబడేవాణ్ణి. బావి బయటపడితే, చూద్దువు రమ్మని ఆయన్ని పిలవొచ్చు. మట్టంతా ఎత్తేసరికి పన్నెండు రోజులు పట్టింది. అడుగంతా ఒకే పలకగా పరుపు బండ. బావి జాడే లేదు. అది పక్క గల్లీలో ఉండేదో, నేనే ఇన్నేళ్ళూ తప్పుగా గుర్తు పెట్టుకున్నానో, అడగడానికి మనిషి లేడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. గ్రిల్ అవతల నిలబడ్డాడు.

"బావి లేదు. అంత బండనే ఉన్నది," అన్నాను.

"అలాగా."

"నీ నిధి సుత లేదు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆనాడు జెర ఎక్కువ మాట్లాడిన. హోటల్‌కు రారాదు?"

"దానిదేముంది లెండి. పెద్దవారు," అన్నాడు మర్యాదగా. మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. గ్రిల్ తీయలేదు; సందులో గ్లాసు పట్టదని సన్నటి సీసా అందించాడు. నిలబడే తాగి, సీసా తిరిగిచ్చి వచ్చేశాను.