ఇష్రత్ ముప్పయ్యో గంట

మాచర్ల మెకానిక్ కూతురు ఇష్రత్ నరసరావుపేటలోని ఓ ఆసుపత్రిలో సర్జరీ పీజీ రెండో ఏడు చదువుతోంది. ఆ మంగళవారం మధ్యాహ్నానికి ఆమె డ్యూటీ ఎక్కి ముప్పై గంటలైంది.

దుర్గి నుంచి వచ్చిన శిల్పి కోటాచారికి ఆ పూట హెర్నియా ఆపరేషన్. సంతకానికి కాగితం పట్టుకెళ్లిన ఇష్రత్, ఆయన పేరు రెండుసార్లు అడిగింది.

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. "ఎప్పుడు పడుకున్నావమ్మా?"

"నిన్న... కాదు, మొన్న రాత్రి."

"నిద్ర చాలకపోతే నేను ఉలి ముట్టనమ్మా. రాయి పాడైతే ఇంకోటి తెచ్చుకుంటా. నా పొట్ట అట్టా కాదు గదా. రేపు చేయండి."

ఆయన సంతకం పెట్టలేదు.

"పేషెంటును ఒప్పించడం కూడా రాదా?" అని సీనియర్ సర్జన్ కసిరాడు. ఇష్రత్ ఆ కాగితం ఫైల్లో పెట్టేసింది. పోనీలే, ఆపరేషన్‌కు పట్టే ఆ గంటన్నరా పడుకోవచ్చనుకుంది. డ్యూటీ గదిలో మంచం మీద వాలిందో లేదో నర్సు వచ్చింది.

"మేడమ్, ఆ టైములో అపెండిక్స్ కేసు పెట్టారు. కుట్లు మీరే వేయాలంట."

ఇష్రత్ లేచి థియేటర్‌కు వెళ్లింది. "సార్, ఇయ్యాళ నేను కుట్లు వేయలేను. చేతులు ఆడట్లేదు," అంది.

సర్జన్ గ్లవ్స్ తొడుక్కుంటూ, "సరే, పక్కన నిలబడు," అన్నాడు.

ఆ మాట చెప్పగలిగినందుకు ఆమెకు సంతోషమేమీ కలగలేదు. నిలబడ్డంతసేపూ కాళ్లు లాగుతూనే ఉన్నాయి.