సల్మా పెట్టిన డిఫాల్టు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే. దాని బరువు మాత్రం తగ్గడం లేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

జడ్చర్లలో మాదొక చిన్న ఆఫీసు. చేనేత డిజైన్లు గీసేవాళ్ల కోసం ఒక సాధనం తయారుచేశాం. బొమ్మ ఎన్నిసార్లు మారినా పాత ప్రతులన్నీ అందులో దాచుకోవచ్చు. ఆదేశం టైపు చేస్తే కావలసిన ప్రతి తిరిగొస్తుంది. ఆ ఆదేశాలకు డిఫాల్టులు, అంటే మనిషి ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే సాధనం ఏం చేయాలో, నిర్ణయించే పని నాకూ, నాతో పనిచేసే సల్మాకూ పడింది.

పాత ప్రతిని తెచ్చేటప్పుడు, ఇంకా దాచని కొత్త పనిని చెరిపేయాలా, పక్కన పెట్టాలా? చెరిపేద్దాం, పని త్వరగా అవుతుందన్నాను. సల్మా ఒప్పుకోలేదు.

"అన్నా, మీ నాయిన చీర కోసినంక మగ్గం అచ్చుల మిగిలిన పోగులు పీకేస్తడా? ఉంచి, వాటికే కొత్త పడుగు అతుకుతడు గదా. గిది గూడ గట్లనే ఉండాలె."

మా సారు ఎంతో మెచ్చుకుని, ఆమె మాటే ఖాయం చేశాడు. నాకు ఒళ్లు మండింది. మగ్గం చప్పుడులో పెరిగినవాణ్ణి నేను. సల్మా వాళ్లది టైర్ల దుకాణం. ఒక్కసారి మా ఇంటికి భోజనానికొచ్చి, నాయిన పక్కన కాసేపు కూర్చుంది, అంతే. నా ఇంట్లో నాకు కనబడనిది ఆమెకెలా కనబడింది? పైగా, ఆ పిల్లకు తెలివుందని నాయిన నాతోనే అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెను చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

సల్మా తన అన్న పెళ్లికని సెలవు పెట్టింది. సాధనాన్ని వాడేవాళ్లందరికీ పంపే ప్యాకేజీ తయారుచేసేది నేనే. అందులో డిఫాల్టును నా పద్ధతికి మార్చేశాను. వాడేవాళ్లకు సులువని మార్చానా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆమె మాట చెల్లకుండా పోవాలి, అంతే.

తిరుమలగిరి నుంచి లక్ష్మి అనే డిజైనరు ఏడుస్తూ సారుకు ఫోన్ చేసింది. పాత ప్రతిని ఒకసారి చూద్దామని తెస్తే, ఆర్డరు కోసం గీసుకున్న కొత్త అంచంతా చెరిగిపోయిందట. సారు నన్ను పిలిచి కోప్పడ్డాడు.

"పెండ్లి హడావిడిల సల్మా పాత ఫైలు ఇచ్చి పోయింది సార్," అన్నాను.

సల్మా తిరిగొచ్చి ఆ మాట నమ్మింది. నన్ను అనుమానించలేదు, తననే అనుమానించుకుంది. తిరుమలగిరి వెళ్లి లక్ష్మిని క్షమాపణ అడిగింది. కొన్నాళ్లకే ఉద్యోగం మానేసింది. ఆమె పెట్టిన డిఫాల్టునే మళ్లీ పెట్టాను. తప్పు సరిదిద్దానని సారు నన్ను మెచ్చుకున్నాడు. సిగ్గులేకుండా ఆ మెప్పు తీసుకున్నాను.

మొన్న సల్మా బస్టాండులో కనబడింది. వాళ్ల టైర్ల దుకాణంలోనే కూర్చుంటోందట. కంప్యూటర్ పని అంటే ఇప్పటికీ భయమేనట, తన మీద తనకు నమ్మకం పోయిందట.

"నా తప్పుకు నీకు గూడ మాట పడ్డది అన్నా. మాఫ్ చెయ్యి," అంది.

నేను తలూపాను. అవును, ఆమెను మాఫ్ చేశాను.

తప్పు సల్మాది కాదు. నాది. ఈ మాట ఆమెకింకా చెప్పలేదు, ముందు మీకు చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.