పత్తి బండ్లు గేటు ముందు ఆగిన రోజు

ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసే నాకు ఆ ఏడు ఊళ్లోనే ఒక పని దొరికింది. తిరువూరు శివారులోని ఒక పత్తి మిల్లుకు, రైతులకు టోకెన్లు ఇచ్చే వెబ్‌సైట్ తయారు చేశాను. కొనుగోళ్లు మొదలయ్యే రోజు పొద్దున రైతుల వివరాలన్నీ అందులోకి ఎక్కించాలి. అవి ఎక్కితేగాని టోకెను రాదు. టోకెను లేనిదే ట్రాక్టరు గేటు దాటదు.

అప్‌లోడ్ నొక్కాను. స్క్రీన్ మీద ఎంత ఎక్కిందో చూపే గీత కదిలీ కదలనట్టుంది. బయట ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా ఆగిపోయాయి. మబ్బు కమ్ముకొస్తోంది. కుర్చీలో కూర్చోలేక లేస్తున్నాను, లేచి మళ్లీ కూర్చుంటున్నాను.

వినగడప నుంచి పత్తి తెచ్చిన ఒకావిడ కిటికీ దగ్గరికొచ్చింది. "ఏంటమ్మా, ఇంకా ఎంతసేపు? తడిస్తే వీళ్లు తీసుకోరు."

"చూస్తున్నానండి" అన్నాను.

మిల్లు మేనేజరు నా వెనకే తచ్చాడుతున్నారు. "మేడమ్, నిన్న నాలుగు పేర్లు పెట్టి చూపించినప్పుడు బానే ఎక్కిందిగా?"

చిక్కంతా అక్కడే ఉంది. ఒక్కో రైతు వివరాన్ని విడిగా డేటాబేస్‌కు పంపి, అది సేవ్ అయ్యాకే తర్వాతది పంపేలా రాశాను. నాలుగు పేర్లకు తేడా తెలియలేదు. వేల పేర్లయ్యేసరికి ఒక్కోటీ డేటాబేస్‌కు వెళ్లి రావడానికే పొద్దు గడిచిపోతోంది. అప్‌లోడ్ ఆపేసి, వందలేసి పేర్లు ఒకే మూటగా వెళ్లి, ఒకేసారి సేవ్ అయ్యేలా మార్చాను. కంగారులో ఒకే పదాన్ని మళ్లీ మళ్లీ తప్పు కొట్టాను.

ఈసారి గీత పరుగెత్తి, సగంలో ఆగింది. ఎవరిదో ఫోన్ నంబరు ఖాళీగా ఉన్నందుకు ఆ మూటంతా వెనక్కి వచ్చేసింది. బయట టార్పాలిన్లు లాగుతున్న చప్పుడు. అలాంటి పేర్లను ముందే పక్కన పెట్టేలా రాసి మళ్లీ నొక్కాను. మేనేజరు ఇచ్చిన టీ చల్లారకముందే మిగతావన్నీ ఎక్కేశాయి.

వినగడప ఆవిడ ట్రాక్టరు షెడ్డులోకి వెళ్లాక చినుకులు మొదలయ్యాయి. చివరి బండ్లు తడిశాయి. ఆ రైతులను పత్తి ఆరబెట్టి తెమ్మన్నారు. ఆ మాట వింటూ లోపల కూర్చోలేకపోయాను. గొడుగు తీసుకుని గేటు దగ్గర నిలబడి, పక్కన పెట్టిన పేర్లు పిలిచాను.

ఒక పెద్దాయన ముందుకొచ్చి జేబులోంచి ఫోన్ తీశాడు. "నంబరు నాకు నోటికి రాదమ్మా. నువ్వే చూడు."

దాంట్లోంచి నా ఫోన్‌కు రింగిచ్చి, కనబడిన నంబరును అక్కడే ఎక్కించాను.